పాప్ స్మియర్ నుంచి లీప్ రిపోర్టు దాకా 167 రోజులు: నా అనుభవం

గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ పరీక్షతో జనవరి 9న మొదలైంది, మారిన భాగాన్ని తీసేసే లీప్ చికిత్స రిపోర్టుతో జూన్ 25న ముగిసింది. మధ్యలో 167 రోజులు. అందులో నేను పరీక్ష బల్ల మీద పడుకున్న సమయమంతా కలిపినా గంట దాటదు. మిగతాదంతా ఎదురుచూపే. ఎప్పుడు ఏం జరుగుతుందో, రిపోర్టులో రాసే మాటలకు అర్థం ఏమిటో ముందే ఎవరైనా చెప్పి ఉంటే కొన్ని రాత్రులైనా నిద్రపోయేదాన్ని. అందుకే అన్నీ తేదీలతో సహా రాస్తున్నాను.

నాకు 38 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. నాకు ఏ బాధా లేదు. నెలసరి సరిగ్గానే వస్తుంది, నొప్పి లేదు, మధ్యలో రక్తం కనిపించడం లేదు. మా వదినకి గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు నేను తోడున్నాను. ఇంటికొచ్చాక ఆవిడే అడిగింది, "నువ్వు పాప్ స్మియర్ చేయించుకుని ఎన్నాళ్లయింది?" అని. అసలు ఒక్కసారి కూడా చేయించుకోలేదు. ఆ మాట పైకి చెప్పడానికి మొహమాటం వేసింది. ఆ వారమే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

జనవరి 9 నాటికి నెలసరి ఆగి రెండు రోజులైంది. ఇంకా కొంచెం మరక కనిపిస్తూనే ఉంది. సెలవు పెట్టేశాను కదా అని వెళ్లిపోయాను. అది తప్పు. పీరియడ్స్ పూర్తిగా తగ్గాక వెళ్లాలి. దానికి ముందు 48 గంటలు లోపల పెట్టుకునే మాత్రలు, క్రీములు వాడకూడదు, భార్యాభర్తలు కలవకూడదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పి ఉంటే కనీసం రెండు నెలలు కలిసొచ్చేవి.

పరీక్ష మూడు నిమిషాలు. లోపలి భాగం కనపడేలా తెరిచి పట్టే స్పెక్యులమ్ చల్లగా తగిలినప్పుడు ఒళ్లు బిగుసుకుపోయింది. "ఊపిరి మెల్లగా బయటికి వదలండమ్మా, నడుము బల్లకి ఆనించండి" అంది డాక్టర్. అలా చేస్తే నిజంగానే తేలికైంది. చెక్క పుల్లతో గర్భాశయ ముఖద్వారం చుట్టూ ఒకసారి తిప్పింది. తర్వాత సన్నటి బ్రష్‌తో లోపలి నుంచి తీసింది. గోకినట్టు అనిపించింది, నొప్పి అనలేను. తీసిన దాన్ని గాజు పలక మీద పూయగానే పక్కనున్న సిస్టర్ క్షణం ఆలస్యం చేయకుండా ఆల్కహాల్‌లో ముంచింది. గాలికి ఆరిపోతే కణాల ఆకారం చెడిపోయి చదవడానికి పనికిరావట.

జనవరి 21 సాయంత్రం ఫోన్‌కి రిపోర్టు వచ్చింది. మొదటి వరుసలోనే "అన్‌శాటిస్‌ఫాక్టరీ ఫర్ ఇవాల్యుయేషన్" అని ఉంది. అన్‌శాటిస్‌ఫాక్టరీ అంటే బాగాలేదని కదా అర్థం! నాలో ఏదో బాగాలేదని రాశారనుకున్నాను. అప్పటికి ఆస్పత్రి మూసేశారు. తెల్లారేదాకా ఆ ఒక్క వరుసనే మళ్లీ మళ్లీ చదివాను. పొద్దున డాక్టర్ చెప్పిన మాట మాత్రం ఎప్పటికీ మర్చిపోను: "బాగాలేనిది స్లయిడ్ అమ్మా, మీరు కాదు." రక్తం, చీము కణాలు అడ్డొచ్చి ముప్పాతిక భాగం పైగా కణాలు కనపడకపోతే, ఉన్న వాటిని చూసి ఊహించి రాయకుండా చదవలేకపోయామని నిజాయితీగా రాసేస్తారట. మళ్లీ తీయాలి. అదీ వెంటనే కాదు, రెండు నుంచి నాలుగు నెలల్లో. గోకిన పైపొర మళ్లీ సరిగ్గా కుదురుకోవాలి, లోపల ఉన్న వాపు తగ్గాలి.

ఏప్రిల్ 2న రెండోసారి. ఈసారి నెలసరి అయిన పది రోజులకి వెళ్లాను. పద్ధతి కూడా వేరు. చిన్న చీపురు లాంటి ప్లాస్టిక్ బ్రష్‌ని ఒకే వైపు ఐదు సార్లు తిప్పి, దాని తలని ద్రవం ఉన్న చిన్న సీసాలో వేశారు. పలక మీద పూయడం లేదు. రక్తం, జిగురు వేరైపోయి కణాలు పలచగా, ఒకే పొరగా పరుచుకుంటాయి కాబట్టి చదవడం సులువట. అదే సీసాలోంచి హెచ్‌పీవీ, అంటే ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్, పరీక్ష కూడా చేయవచ్చని, మళ్లీ రావక్కర్లేదని చెప్పారు. సరే అన్నాను. దాని బిల్లు వేరే. నిజానికి ఈ మొత్తం ప్రయాణంలో ప్రతిదానికీ బిల్లు వేరే. డాక్టర్ ఫీజు, శాంపిల్ సీసా, ల్యాబ్, వైరస్ పరీక్ష, తర్వాత బయాప్సీలో ఒక్కో ముక్కకి ఒక్కో సీసా, ఒక్కో సీసాకి ఒక్కో బిల్లు. "దీనితో అయిపోతుందా, ఇంకా ఏమైనా వస్తాయా?" అని ప్రతిసారీ కౌంటర్‌లో అడగండి. నేను రెండోసారి నుంచి అడగడం నేర్చుకున్నాను.

ఏప్రిల్ 8న ఫోన్ వచ్చింది. రిపోర్టు గురించి కాదు. సీసా మీద ఉన్న పేరు, ఫారం మీద ఉన్న పేరు కలవడం లేదట. ఫారంలో మా ఇంటిపేరు ఉంది, సీసా మీద పుట్టింటి ఇంటిపేరు ఉంది. పాత ఫైలు చూసి సిస్టర్ అదే రాసేసింది. అది తేలేదాకా ల్యాబ్ వాళ్లు సీసా మూత కూడా తీయలేదు. సిస్టర్ వెళ్లి ఇది ఫలానా రోజు, ఫలానా మనిషి దగ్గర తీసిందే అని సంతకం పెట్టాక పని మొదలైంది. ఆరు రోజులు పోయాయి. ఆ రోజు కోపంతో గట్టిగా మాట్లాడాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ల్యాబ్ వాళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నా కణాలు ఇంకొకరి పేరు మీదికో, ఇంకొకరివి నా పేరు మీదికో పోయి ఉంటే?

ఏప్రిల్ 16 ఉదయం డాక్టరే స్వయంగా ఫోన్ చేశారు. "రిపోర్టు వచ్చింది, ఒకసారి వచ్చి కలవండి." అంతే. ఆ గొంతులో కంగారు లేదు. కానీ డాక్టరే ఫోన్ చేసిందంటే చాలు కదా, కాళ్లలో బలం పోయింది. మా ఆయన ఆఫీసు నుంచి నేరుగా వచ్చారు.

కాగితం మీద రెండు విషయాలున్నాయి. ఒకటి ఏఎస్‌సీ-హెచ్. రెండోది హెచ్‌పీవీ 16 పాజిటివ్. డాక్టర్ కాగితం నా వైపు తిప్పి ఒక్కో అక్షరం కింద గీత గీస్తూ చెప్పింది. ఏఎస్‌సీ అంటే పైపొర కణాలు మామూలుగా లేవు, అలాగని ఫలానా మార్పు అని తేల్చి చెప్పడానికీ లేదు. చివర ఉన్న హెచ్ అంటే ఎక్కువ స్థాయి మార్పు ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. "ఇది జబ్బు పేరు కాదు. అనుమానం. అనుమానం నిజమో కాదో చెప్పేది బయాప్సీ. స్మియర్ చూసి మేం వైద్యం చేయం, దారి చూసుకుంటాం, అంతే."

ఆ మాట ఆ రోజు నాకు సరిగ్గా ఎక్కలేదు. 16 అన్న అంకె మీదే మనసంతా ఉండిపోయింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 అనే రెండు రకాల హెచ్‌పీవీలే కారణమని రాత్రి ఫోన్‌లో చదివాను. ఆ వాక్యాన్ని తిరగేసి చదువుకున్నాను. అంటే ఈ రకం ఉన్నవాళ్లలో 70 శాతం మందికి క్యాన్సర్ వస్తుందని అర్థం చేసుకున్నాను. అది పూర్తిగా తప్పు. ఆ వైరస్ సోకిన వాళ్లలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో ఒంటి శక్తితోనే అది పోతుంది. ఏళ్ల తరబడి పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలోనే కణాలు మారడం మొదలవుతుంది. ఈ తేడా తెలియక నేను ఏడ్చిన ఏడుపుకి లెక్క లేదు. పిల్లల స్కూల్ డైరీలో సంతకం పెడుతూ కూడా కన్నీళ్లు ఆగలేదు.

ఇంకో సంగతి కూడా రాయాలి. రాయకపోతే ఈ అనుభవం రాసినట్టే కాదు. ఈ వైరస్ శారీరక సంబంధంతో వస్తుంది. అది చదవగానే మా ఇద్దరి మధ్యా ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది. నేను అడగలేదు, ఆయనా అడగలేదు. రెండు రోజులు ఇంట్లో పిల్లల గురించి తప్ప మాటల్లేవు. మూడో రోజు రాత్రి ఆయనే, "నీ మనసులో ఏముందో నాకు తెలుసు. నా మనసులోనూ అదే ఉంది. రేపు డాక్టర్‌నే అడుగుదాం" అన్నారు. అడిగాం. ఆవిడ ఇలాంటివి రోజూ వింటుందనుకుంటాను, చాలా మామూలుగా జవాబిచ్చింది. ఇది సోకి ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి, పదేళ్లు పైన కూడా ఉండిపోవచ్చు. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దాదాపు అందరికీ ఇది తగిలి పోయేదే. "దీని మీద కూర్చుని ఒకరినొకరు విచారించుకుంటే ఎక్కడికీ చేరరు" అంది. బయటికొచ్చాక ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆ ప్రశ్న అక్కడితో పోయింది. ఆ రెండు రోజుల మౌనం మాత్రం బయాప్సీ కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. మీ రిపోర్టులో హెచ్‌పీవీ అని ఉంటే ఇద్దరూ కలిసి వెళ్లి ఇద్దరూ కలిసే వినండి.

ముఖద్వారాన్ని పెద్దగా చేసి చూసి బయాప్సీ తీసే కాల్పోస్కోపీకి ఏప్రిల్ 28న తేదీ ఇచ్చారు. 27న నెలసరి వచ్చింది. మే 5కి మార్చారు.

కాల్పోస్కోప్ అంటే లోపలికి పెట్టేదనుకుని భయపడ్డాను. అది స్టాండు మీద ఉండే పెద్ద దుర్భిణి లాంటిది, ఒంటికి తగలనే తగలదు. స్పెక్యులమ్ పెట్టి, బయట నుంచి వెలుతురు వేసి, పెద్దగా చేసి చూస్తారు. పక్కనే స్క్రీన్ ఉంది. "చూస్తారా, తల తిప్పుకుంటారా?" అని అడిగింది డాక్టర్. చూస్తానన్నాను. గులాబి రంగులో, తడిగా, గుండ్రంగా ఉంది. 38 ఏళ్లు నాలోనే ఉన్న భాగాన్ని మొదటిసారి చూశాను. పలచటి ఎసిటిక్ యాసిడ్‌లో ముంచిన దూది అద్దారు, వెనిగర్ వాసన, కొంచెం చురుక్కుమంది. ఒక నిమిషం ఆగమన్నారు. ఆ నిమిషంలో నా కళ్ల ముందే, గడియారంలో 12 ఉండే చోట, గులాబి రంగు మీద తెల్లటి మచ్చ మెల్లగా తేలింది. అద్దం మీద ఊదితే ఆవిరి పట్టినట్టు. 5 గంటల దగ్గర ఇంకొకటి, అది చిన్నది, పలచగా ఉంది. తర్వాత అయోడిన్ పూశారు. మంచి కణాల్లో గ్లైకోజెన్ ఉంటుంది కాబట్టి అవి ముదురు గోధుమ రంగు తిరిగాయి. ఆ రెండు మచ్చలు మాత్రం రంగు పట్టకుండా పసుపుగా మిగిలిపోయాయి.

ఆ రెండు చోట్లా ముక్క తీశారు. "ఒకసారి దగ్గండి" అంది, దగ్గాను, టక్‌మని చప్పుడు. పొత్తికడుపులో నెలసరి నొప్పి లాంటిది ఒక్కసారి గట్టిగా పట్టి వదిలింది. ఒక్కో ముక్క బియ్యపు గింజంత. లోపలి దారి నుంచి కూడా కొంచెం గీకి తీశారు, నాకు అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది అదే. రక్తం ఆగడానికి ఆవ రంగు ముద్ద ఒకటి పూశారు. మొత్తం 20 నిమిషాలు.

ఎవరూ చెప్పని విషయం ఇది: ఆ పూసిన మందు తర్వాతి నాలుగు రోజులు నల్లగా, పొడి పొడిగా బయటికి వస్తుంది. మొదటిసారి చూసి లోపల ఏదో కుళ్లిపోయిందనుకుని ఒళ్లు చల్లబడింది. సిస్టర్‌కి ఫోన్ చేస్తే, "అయ్యో, చెప్పడం మర్చిపోయానమ్మా, అది మందే" అంది. ప్యాడ్లు వెంట తీసుకెళ్లండి. వదులుగా ఉండే బట్టలు వేసుకోండి. తిరిగి ఒక్కరే రావద్దు.

వారంలో వస్తుందన్న బయాప్సీ రిపోర్టు రెండు వారాలు పట్టింది. 15న వెళ్తే పీ16 అనే ఇంకో రంగు పరీక్ష పెట్టారని, ఇంకో నాలుగు రోజులు ఆగమని అన్నారు. రిపోర్టు ఆలస్యమైతే చెడు వార్తేనని నేను నిశ్చయించేసుకున్నాను. అలా ఏమీ కాదు. రెండు స్థాయిల మధ్య సందేహం ఉన్నప్పుడు తేల్చుకోవడానికి ఆ పరీక్ష పెడతారు. కానీ ఆ నాలుగు రోజులు నేను ఇంట్లో ఏ పనీ సరిగ్గా చేయలేదు.

మే 19. 5 గంటల దగ్గర తీసిన ముక్కలో సిన్ 1 (సిన్ అంటే క్యాన్సర్‌కి ముందు పైపొర కణాల్లో వచ్చే మార్పు), అంటే తక్కువ మార్పు. 12 గంటల దగ్గరి ముక్కలో సిన్ 2 నుంచి 3, అంటే ఎక్కువ మార్పు, పీ16 పాజిటివ్. లోపలి దారిలో ఏమీ లేదు. డాక్టర్ మొదట చెప్పిన మాట, "క్యాన్సర్ కాదు." తర్వాతే మిగతాది. మారిన కణాలు పైపొరలోనే ఉన్నాయి, ఆ పొర అడుగున ఉండే సరిహద్దుని దాటలేదు. దాటితేనే క్యాన్సర్. "అలాగే వదిలేస్తే?" అని మా ఆయన అడిగారు. సిన్ 3కి వైద్యం చేయకుండా వదిలేస్తే 30 ఏళ్లలో ఇంచుమించు 30 శాతం మందిలో అది క్యాన్సర్‌గా మారుతుందని, అందుకే ఇప్పుడే ఆ భాగం వరకూ తీసేస్తామని చెప్పింది. ఇంట్లో పెద్దవాళ్లు గర్భసంచే తీయించేసుకో, పీడ పోతుందన్నారు. డాక్టర్ ఒప్పుకోలేదు. దీనికి అంత పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు, పైగా తీయించుకున్నా తర్వాత పరీక్షలు తప్పవు అంది.

ఆ రోజే నేనొక కోరిక కోరాను. నా కణాలు నాకు చూపిస్తారా అని. ల్యాబ్ ఆ భవనంలోనే కింది అంతస్తులో ఉంది. డాక్టర్ ఫోన్ చేసి అడిగింది. పాథాలజీ మేడమ్ పది నిమిషాలు ఇస్తానన్నారు. నలభై నిమిషాలు ఇచ్చారు.

ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోప్ అది. ఆవిడ ఒక వైపు, నేను ఒక వైపు. ఏప్రిల్‌లో తీసిన సీసాలోంచి ల్యాబ్‌లో తయారుచేసిన, నా పేరున్న గాజు పలక మధ్యలో రూపాయి బిళ్ల కంటే చిన్న గుండ్రం, దాని మీద నాలుగు నీలి చుక్కలు. సిరాతో పెట్టిన చుక్కలు. "ముందు మామూలువి చూడండి" అని చుక్కలకి దూరంగా తీసుకెళ్లారు. లేత నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో, గులాబి రంగులో, గాలికి ఎగిరిన పలచటి సిల్కు గుడ్డ ముక్కల్లాంటి కణాలు. ఒక్కోదాని మధ్యలో ఒక చిన్న ముదురు చుక్క. అది కేంద్రకం. అంత పెద్ద గుడ్డకి అంత చిన్న చుక్క. ఎంత అందంగా ఉన్నాయో! నా లోపల ఇంత అందమైనవి ఉన్నాయని నాకు తెలియదు.

తర్వాత మొదటి నీలి చుక్క దగ్గరికి వెళ్లారు. అక్కడ కొన్ని కణాల్లో కేంద్రకం చుట్టూ ఖాళీ వలయం, వాన ముందు చంద్రుడికి గుడి కట్టినట్టు. అది వైరస్ ఉన్న గుర్తు. రెండో చుక్క దగ్గర గుంపుగా ఆరేడు చిన్న కణాలు. వాటిలో గుడ్డ లేదు, దాదాపు అంతా చుక్కే. ముదురు రంగు, అంచులు నున్నగా లేకుండా ముడతలు. "ఇవే" అన్నారు మేడమ్. అంతకు మించి చెప్పక్కర్లేకపోయింది. పక్క పక్కనే ఉన్న రెండు రకాలూ చూస్తే చదువు లేని వాళ్లకైనా తేడా తెలుస్తుంది.

ఈ సీసా పద్ధతిలో స్లయిడ్‌లో కనీసం 5,000 పైపొర కణాలుంటేనే సరిపోయిందని రాస్తారట. నా దాంట్లో అంతకంటే చాలా ఎక్కువున్నాయి. చెడ్డవి నలభై కూడా లేవు. "ఇంతమందిలో వీటినెలా పట్టుకున్నారు?" అని అడిగాను. గది మూలలో ఇంకో మైక్రోస్కోప్ ముందు కూర్చున్న అమ్మాయిని చూపించారు. సైటోటెక్నీషియన్. పొలంలో సాలు పక్కన సాలు తోలినట్టు, ఒక్క అంగుళం వదలకుండా స్లయిడ్ అంతా పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చూస్తుంది. అనుమానం వచ్చిన చోట చుక్క పెడుతుంది. ఆ చుక్కలని తర్వాత మేడమ్ చూస్తారు. ఆ అమ్మాయి నన్ను ఎప్పుడూ చూడలేదు. నా నలభై కణాలని మాత్రం చూసింది. దగ్గరికి వెళ్లి ఏదో చెప్పాలనుకున్నాను, గొంతు పట్టేసింది. ఆ అమ్మాయే లేచి నా భుజం మీద చెయ్యి వేసింది.

ఈ రంగులు వేసే పద్ధతి కనిపెట్టింది పాపనికొలావ్ అనే డాక్టర్ అని, పాప్ అన్న పేరు ఆయనదేనని మేడమ్ చెప్పారు. స్మియర్ చూసి క్యాన్సర్ కనిపెట్టవచ్చని 1928లో ఆయన మొదట చెప్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదట, 1943 తర్వాతే నమ్మడం మొదలైందట. ఆయన పరిశోధన కోసం ఆయన భార్య మేరీ ఏళ్ల తరబడి తన స్మియర్‌లే ఇచ్చిందట. నేను రెండుసార్లు బల్ల ఎక్కడానికే ఎంత జంకానో తెలుసు. ఆవిడ గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

అక్కడి నుంచి పైకి వచ్చాక నా భయం తీరు మారింది. పోలేదు. కానీ అంతకు ముందు అది ఇల్లంతా నిండిపోయి ఉండేది, ఇప్పుడు దానికి ఒక చోటు, ఒక కొలత ఉన్నాయి. వీలుంటే అడగండి. కాదంటే కాదంటారు, పోయేదేం లేదు.

జూన్ 11న లీప్. సన్నటి తీగ ఉచ్చులో కరెంటు పంపి మారిన భాగాన్ని చెక్కి తీసేయడం. పూర్తి మత్తు లేదు, అక్కడే సూది. తొడకి చల్లటి ప్యాడ్ ఒకటి అతికించారు, కరెంటుకి అది తిరుగు దారి. సూది వేసిన అర నిమిషానికి గుండె దడదడలాడింది, చేతులు వణికాయి. నాకేదో అయిపోతోందనుకున్నాను. ఆ సూదిలో రక్తం తక్కువ పోవడానికి కలిపే అడ్రినలిన్ వల్ల అలా అవుతుందట, రెండు నిమిషాల్లో తగ్గింది. తర్వాత పొగ లాగే మిషన్ హోరు, కాలిన వాసన. నొప్పి లేదు, లోపల ఏదో కదులుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. సిస్టర్ నా పిల్లల పేర్లు, క్లాసులు అడుగుతూ కూర్చుంది. మా పెద్దవాడి లెక్కల మార్కుల గురించి చెబుతుండగా "అయిపోయింది" అన్నారు. పావుగంట.

నాలుగు వారాలు బరువులెత్తొద్దు, కలవొద్దు, టాంపాన్లు వద్దు, ఈత వద్దు. మూడో రోజు నుంచి ఆఫీసుకి వెళ్లాను, కూర్చుని చేసే పనే కాబట్టి ఇబ్బంది కాలేదు. నీళ్లలా కారడం మాత్రం రెండు వారాలు పైన ఉంది, వాసనతో. అది మామూలే. జూన్ 20న, అంటే తొమ్మిదో రోజు, పొద్దున లేచేసరికి ఎర్రటి రక్తం. పుండు మీద పక్కు ఊడే సమయంలో అలా అవుతుందని కాగితంలో రాసి ఇచ్చారు కాబట్టి ఈసారి కంగారు పడలేదు. గంటకో ప్యాడ్ నిండిపోయినా, గడ్డలు పడినా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మన్నారు. నాకు సాయంత్రానికి తగ్గిపోయింది. ఇంకా పిల్లలు కావాలనుకునే వాళ్లు ఒక మాట ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. లీప్ తర్వాత నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం కొంచెం పెరుగుతుందట. నాకు ఆ ప్రశ్న లేదు కాబట్టి లోతుగా అడగలేదు.

జూన్ 25న చివరి రిపోర్టు. సిన్ 3. అన్ని అంచులూ శుభ్రం. అంటే తీసిన ముక్క చుట్టూ అంచుల్లో మారిన కణాలు లేవు, అంతా ఆ ముక్కలోనే వచ్చేసింది. క్యాన్సర్ లేదు. చదివి ముందు మా ఆయనకి ఇచ్చాను, ఆయన రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇద్దరం ఆస్పత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాం. ఏమీ మాట్లాడుకోలేదు. ఈసారి ఆ మౌనం బరువుగా లేదు.

అయిపోయిందని కాదు. ఆరు నెలలకి మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష, అది బాగుంటే ఏడాదికొకటి చొప్పున మూడేళ్లు, ఆ తర్వాత కూడా కొంచెం దూరం దూరంగా కనీసం 25 ఏళ్లు. అంటే నాకు అరవై దాటేదాకా. మా వదిన కూడా తన రిపోర్టులన్నీ తీసి చూసుకుంది. మా అక్క గత వారమే చేయించుకుంది, నెలసరి అయిన పది రోజులకి. నేనే పక్కనుండి తీసుకెళ్లాను.

నా తేదీ డిసెంబర్ 12. ఆ రోజు సీసా మూత బిగించాక, దాని మీద పేరు, ఫారం మీద పేరు రెండూ పక్కపక్కన పెట్టి చదివాకే గదిలోంచి బయటికొస్తాను.